బావ కట్టిన గొలుసులు

మా బావ బరువులు కట్టే పని చేసేవాడు. ఈ మాట చెబితే చాలామంది ధాన్యం బస్తాలు మోసి కట్టే హమాలీ అనుకుంటారు. ఆయన కట్టేవి బచేలి గనులకు పోయే యంత్రాలు. రాయిని నలగ్గొట్టే మిషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, కొండ మీద ఇనుపరాయి మోసే డంపర్ల తొట్లు. ఒక్కొక్కటి పెంకుటిల్లంత ఉండేది. మామూలు లారీలో పట్టవు. నేలకు దగ్గరగా సాగే పొడుగాటి ట్రైలర్ మీద పెట్టి, గొలుసులతో బిగించి తీసుకుపోవాలి. కొలతకు మించిన ఆ సరుకును మా వాళ్లు ఓడీసీ అనేవాళ్లు. ట్రైలర్ నేను నడిపేవాణ్ణి. కట్టడం, విప్పడం, ముందు నడుస్తూ దారి చూపడం బావ వంతు.

కొంటాలో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. అప్పటికింకా మాది మధ్యప్రదేశ్. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, కొట్టుకొచ్చిన అడవి ఊళ్లవాళ్లతో వాళ్ల దొర్లీయో హల్బీయో, ఎవరి భాష వాళ్లతో. నేను త్రాసు దగ్గర కూర్చోలేక డ్రైవింగ్ నేర్చుకున్నాను. భద్రాచలం వైపు నుంచి వచ్చి మా అక్కను చేసుకున్న బావ కొట్లో కూర్చుంటాడేమోనని నాన్న ఆశపడ్డాడు. పెళ్లయిన కొత్తలో ఓ వారం కూర్చున్నాడు కూడా. "ఇంత చిన్నచిన్న తూకాలు నావల్ల గాదు మామా" అని నవ్వి లేచిపోయాడట.

అక్కకూ బావకూ పిల్లలు కలగలేదు. భద్రాచలంలో మొక్కారు, జగదల్‌పూర్‌లో డాక్టర్లకు చూపించుకున్నారు. తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. బావ ప్రయాణం నుంచి రాగానే అక్క ఆయన చేతులు చూసేది. గొలుసుల మడ్డి, తుప్పు గోళ్లలో ఇరుక్కుపోయి ఉండేవి. కొబ్బరినూనె రాసి, పీచుతో రుద్ది కడిగేది. ఆయన చిన్నపిల్లాడిలా చేతులు చాచి కూర్చునేవాడు. నేను వెక్కిరిస్తే, "నీకు పెళ్లయినంక నీ సంగతీ చూస్తం గదరా బామ్మర్దీ" అనేవాడు.

బరువు విషయంలో మాత్రం ఆయన దగ్గర వేళాకోళం చెల్లేది కాదు. కట్టిన గొలుసును ఇనుప కడ్డీతో కొట్టి చప్పుడు వినేవాడు. గణగణమంటే బిగువుగా ఉన్నట్టు. చప్పగా మోగితే మళ్లీ బిగించాల్సిందే. "ఇది మనల్ని నమ్మదు. మనం గూడ దీన్ని నమ్మొద్దు" అనేవాడు ఆ ఇనుమును చూపించి. ఊళ్లు వచ్చినప్పుడు పొడుగాటి వెదురు పట్టుకుని బండి ముందు నడిచేవాడు. దాని చివర కొమ్మ చీలిక ఉండేది. కరెంటు తీగలు దాంతో పైకి ఎత్తిపట్టి, బరువు కిందనుంచి వెళ్లిపోయేదాకా మెడ వెనక్కి వాల్చి నిలబడేవాడు. జనం ఇళ్లలోంచి వచ్చి చూసేవాళ్లు. బడి పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. ఆయన ఎవరి వంకా చూసేవాడు కాదు.

ఆ రోజు మేం తీసుకుపోతున్నది డంపర్ తొట్టి. కొంటా నుంచి దోర్నపాల్, సుక్మా మీదుగా జగదల్‌పూర్ చేరి, అక్కడినుంచి బచేలి వెళ్లాలి. అడవిలోంచి పోయే అడ్డదారులు ఉన్నా అంత వెడల్పు బరువుకు పనికిరావు. అసలు పెద్ద రోడ్డే దానికి చాలడం లేదు. తొట్టి అంచులు రెండు పక్కలా మట్టి మీదికి వచ్చేవి. ఎదురొచ్చిన ప్రతి లారీ ఎక్కడో ఒకచోట చెట్ల మధ్యకు దిగి మాకు దారి ఇవ్వాలి.

తోంగ్‌పాల్ దాటి దర్భా ఘాటీ మొదట్లోకి వచ్చేసరికి పొద్దెక్కింది. అంతకుముందే వాన కొట్టి వెలిసింది. ఎక్కుడు మొదలయ్యే ముందు బండి ఆపి గొలుసులన్నీ చూసుకోవడం బావ అలవాటు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారాలని చూస్తుంది, అందుకని ముందు గొలుసులు గట్టిగా ఉండాలి. ఆయన కడ్డీతో కొట్టుకుంటూ వెళ్లి ఎడమవైపు ముందు గొలుసు దగ్గర ఆగాడు.

"వానకు తొట్టి కింది చెక్కలు మెత్తబడ్డయి. ఇది వదులైంది" అన్నాడు.

గొలుసును బిగించడానికి ఓ ఇనుప పిడి ఉంటుంది. దాన్ని కిందికి నొక్కితే గొలుసు దగ్గరకు లాగుకుంటుంది. చేతి బలం చాలకపోతే పిడికి పొడుగు గొట్టం తొడిగి ఒళ్లంతా వేసి నొక్కుతారు. పిడి పూర్తిగా కూర్చోకముందే చెయ్యి తప్పితే ఆ బిగువంతా ఎదురు తిరుగుతుంది. బావ ఆ పని ఎన్నిసార్లు చేసి ఉంటాడో లెక్కలేదు. ఆ రోజు గొట్టం తడిగా ఉంది. నేను అవతలి పక్కన టైర్లు చూస్తున్నాను. చప్పుడు వినబడి తిరిగి వచ్చేసరికి ఆయన రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టుకుని నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం గాలే. తన్నింది. గాడిద లెక్క తన్నింది."

చొక్కా ఎత్తి చూశాను. పక్కటెముకల కింద ఎర్రగా కమిలింది గానీ నెత్తురు లేదు. నీళ్లు తాగాడు. కాసేపు కూర్చున్నాడు. ఆ గొలుసును నేను బిగించాను. ఆయన కూర్చున్నచోటి నుంచే కడ్డీ అందుకుని దాన్ని కొట్టి విని, సరే పోనీ అన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. మామూలుగానే ఉంది. ఒక్కటే తేడా. ఘాటీలో ఎప్పుడూ బండి ముందు నడిచే మనిషి ఆ రోజు నా పక్కన సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

రెండు మలుపులు తిరిగాక ఎడమ భుజం నొప్పి అన్నాడు. దెబ్బ తగిలింది డొక్కలో, నొప్పి భుజంలో. గొట్టం లాగినప్పుడు నరం పట్టుకుని ఉంటుంది అనుకున్నాం ఇద్దరమూ. లోపల నెత్తురు కారుతుంటే అక్కడ నొప్పి పుడుతుందని తర్వాత జగదల్‌పూర్‌లో డాక్టరు చెప్పాడు. ఆ ఘాటీలో మాకు ఆ సంగతి చెప్పగలిగిన వాళ్లెవరూ లేరు. ఇంకో మలుపు వచ్చేసరికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది. పెదాలు తెల్లబడ్డాయి. "కండ్లు తిరుగుతున్నయిరా. ఆపు" అన్నాడు.

ఆపాను. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, రోడ్డంతా మా బరువు. వెనక కొంటా నుంచి వచ్చే బస్సు, దాని వెనక ఎవరిదో జీపు. జీపులో ఎక్కిస్తే ఆస్పత్రికి తొందరగా చేర్చవచ్చు. కానీ అది మమ్మల్ని దాటి ముందుకు పోవడానికి దారి లేదు. సుక్మా చాలా వెనకబడిపోయింది, జగదల్‌పూరే దగ్గర. బస్సు కండక్టరు హిందీలో గట్టిగా అరుస్తూ వచ్చాడు, బండి పక్కకు తియ్యమని. తలుపు తీసి బావను చూపించాను. అతను అరవడం ఆపి బస్సు వైపు పరుగెత్తాడు.

అదే సమయానికి పైనుంచి వెదుర్లు దింపుకుని వస్తున్న ఖాళీ లారీ ఒకటి మా ఎదురుగా వచ్చి ఆగింది. దానికీ దారి లేదు. దాని డ్రైవరు సంగతి విని, వెనక్కి ఎక్కిస్తాను, పైన వెడల్పు ఉన్నచోట తిప్పుకుని జగదల్‌పూర్ తీసుకుపోతాను అన్నాడు. అంత మలుపుల్లో లారీని వెనక్కి ఎక్కించడం తేలిక కాదు. అయినా ఒప్పుకున్నాడు.

బస్సులోంచి జనం దిగి వచ్చారు. వాళ్లలో కొంటా లోపలి ఊళ్లకు చెందిన దొర్ల తెగ రైతు ఒకాయన ఉన్నాడు. జగదల్‌పూర్ కచేరీలో ఆయనకు ఆ రోజు పేశీ, భూమి తగాదా వాయిదా. తెలుగు బాగా మాట్లాడతాడు. ఆయనే ముందు చెయ్యి వేశాడు. నేనూ పట్టుకోబోతే బావ నా చెయ్యి నెట్టేశాడు.

"నువ్వు దిగకు. బ్రేకు మీద కాలు తియ్యకు. వెనకాల బస్సు నిండ మనుషులున్నరు."

"నేను రాకపోతే ఎట్ల బావా?"

"చెప్పింది విను."

గొంతు పెంచలేదు. బరువు విషయంలో మాట్లాడినట్టే మాట్లాడాడు. ఎక్కుడులో నిలిపిన అంత బండిని టైర్ల వెనక దిమ్మెల మీద నమ్మి వదిలి పోవడానికి లేదు. అది జారితే బస్సు, బస్సులో జనం లోయలోకి పోతారు. నేను కదల్లేదు. దుప్పటిలో పడుకోబెట్టి నలుగురు ఆయన్ను ఎత్తుకున్నారు. సంతకు వెళ్తున్న హల్బీ మాట్లాడే ముసలమ్మ ఒకామె తన కొంగు తడిపి ఆయన పెదాలు తుడుస్తూ పక్కనే నడిచింది. దొర్ల రైతు ఆయనతోపాటు లారీ ఎక్కాడు. లారీ వెనక్కి వెనక్కి ఎక్కుతూ మలుపు తిరిగిపోయేదాకా నేను స్టీరింగు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. బ్రేకు మీది కాలును మోకాలి దగ్గర రెండో చేత్తో నొక్కి పట్టుకున్నాను.

తర్వాత కండక్టరే నా ముందు నడిచాడు. బావ నడిచే చోట ఇంకో మనిషి చేతులు ఊపుతూ వెనక్కి వెనక్కి నడుస్తుంటే ఆ చేతుల్ని చూస్తూ ఘాటీ ఎక్కించాను. దర్భా దగ్గర చదును వచ్చాక బండి పక్కకు తీశాను. నా వెనక ఆగిన బళ్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నన్ను దాటిపోయాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. జీపు ఆయన నన్ను ఎక్కించుకున్నాడు. బండి దగ్గర దర్భాలో టీ కొట్టు మనిషి కాపలా ఉన్నాడు.

జగదల్‌పూర్ పెద్దాసుపత్రి వరండాలో దొర్ల రైతు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో బావ తువ్వాలు, పక్కన బావ చెప్పులు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఇంక నేను అడగాల్సింది ఏమీ మిగల్లేదు.

"దారిలనే పోయిండు తమ్మీ" అన్నాడు ఆయన. ఆయన పేశీ కూడా ఆ రోజు పోయింది. ఆ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఎవరో చెబితే చాలా రోజులకు తెలిసింది.

పోలీసులు, పంచనామా అన్నీ అయి, మర్నాడు జీపులో బావను కొంటాకు తెచ్చాం. దొర్ల రైతు మాతోనే వచ్చాడు. అటే తన ఊరు కూడా. దారంతా బావ తలను ఆయన ఒళ్లో పెట్టుకుని, గుంతలు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు.

కబురు మాకన్నా ముందే చేరింది. మా వాకిట్లో బజారు బజారంతా ఉంది. అక్క ఏడవలేదు. బావ చేతులు బయటికి తీసి చూసింది. ఆస్పత్రిలో ఎవరూ వాటిని కడగలేదు. మడ్డి అలాగే ఉంది. లేచి లోపలికి పోయి కొబ్బరినూనె తెచ్చుకుంది. ఆడవాళ్లు పట్టుకోబోతే మా అమ్మ వాళ్లను ఆపింది. అక్క ఒక్కొక్క వేలూ తుడిచాక తలెత్తి, "ఆఖర్ల దగ్గరున్నది ఎవరు?" అని అడిగింది.

నేను దొర్ల రైతును చూపించాను. ఆయన ముందుకు వచ్చాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమన్న మాట్లాడిండా అన్నా?" అంది అక్క.

ఆయన నా వైపు చూశాడు, తర్వాత అక్క వైపు. గొంతు సవరించుకున్నాడు.

"మాట్లాడిండు చెల్లె. నిన్ను ధైర్యంగ ఉండమన్నడు. పిల్లల్ని బాగ చూసుకొమ్మని చెప్పమన్నడు."

బజారులో పసిపిల్లాడికి కూడా తెలుసు వాళ్లకు పిల్లలు లేరని. నా పక్కన నిలబడ్డ ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయనకు మాత్రం ఏమీ తెలియదు. తలపాగా నలుపుతూ నిలబడ్డాడు. అక్క చాలాసేపు ఆయన్నే చూసింది.

"సరే అన్నా" అంది.

అప్పుడు ఏడ్చింది.

కర్మలన్నీ అయ్యాక మళ్లీ జగదల్‌పూర్ బస్సెక్కాను. బరువు దర్భాలోనే ఉంది, దాన్ని బచేలి చేర్చాలి. ఓనరు ఇంకో కట్టేవాణ్ణి పంపాడు. హిందీ మనిషి, మంచివాడు. బయల్దేరే ముందు గొలుసులన్నీ చూసి, ఏ ఒక్కటీ వదులవ్వలేదే అని ఆశ్చర్యపోయాడు. వానలు పడ్డాయి, ఎండలు కాశాయి, అవి అలాగే ఉన్నాయి. గీదం మీదుగా బచేలి దాకా ఆయనకు చేతి పని తగల్లేదు. ముందు నడిచి దారి చూపడమే.

బచేలిలో యంత్రం వచ్చిందంటే పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లు. ఆ రోజూ కొట్టారు. పూలదండ వేశారు తొట్టికి. కాంపౌండులో ఆంధ్రా నుంచి వచ్చిన ఫోర్‌మన్ ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మీ బావగారు రాలేదేమండీ ఈసారి?" అని అడిగాడు. చెప్పాను. ఆయన చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోయింది. క్రేను వచ్చి నిలబడ్డాక గొలుసులు విప్పాలి. హిందీ ఆయన మొదటి పిడికి గొట్టం తొడుగుతుంటే నేను అక్కడ ఉండలేకపోయాను. గేటు బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. గొలుసులు ఒక్కొక్కటీ ట్రైలర్ మీద పడే చప్పుడు అక్కడికి కూడా వినిపించింది.

వాపసు వచ్చాక నాన్న ఆరోగ్యం పాడైంది. కొట్టు అక్క చేతికి వచ్చింది. బావ కాదన్న చిన్నచిన్న తూకాలు ఆమె తూచేది. నేను ట్రైలర్ మానలేదు. నాకు వచ్చిన పని అదొక్కటే. ఇంకో కట్టేవాడితో, తర్వాత మరొకడితో తిరిగాను.

సీతాఫలాల రోజుల్లో ఒక సంతనాడు నేను ఇంట్లోనే ఉన్నాను. దొర్ల రైతు కొట్టు ముందు గంప దించాడు. ఉప్పు, నూనె కొన్నాక గంపలోంచి ఆకులో చుట్టిన పండ్లు తీసి అక్క ముందు పెట్టాడు.

"పిల్లలకు తెచ్చిన చెల్లె. బాగ పండినయి. ఏరీ? బయటికి పిలువు, చూస్త."

అక్క లేచి వీధిలోకి పోయింది. అక్కడ ఆడుకుంటున్న పిల్లల్ని కేకేసింది. అందరూ గుమిగూడి పండ్లు తీసుకున్నారు. ఆయన నవ్వుతూ వాళ్లను చూశాడు. "ఇంతమందా!" అన్నాడు. అంతలో వాళ్లలో ఒకడి తల్లి ఎదురింటి నుంచి పిలిచింది. ఇంకొకణ్ణి నాన్నమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఒక్కొక్కరూ ఎవరింటికి వాళ్లు పోయారు. అరుగు ఖాళీ అయిపోయింది. ఆయన నవ్వు ఆగిపోయింది. అక్క వైపు, ఖాళీ ఇంటి వైపు చూశాడు. నెమ్మదిగా అరుగు మీద కూర్చున్నాడు.

"నాకు తెల్వదు చెల్లె" అన్నాడు. "ఆయన ఏం చెప్పలే. లారీ ఎక్కినంక కండ్లే తెరవలే. నువ్వు అట్ల అడిగితే, ఏం లేదని చెప్పనీకి నోరు రాలే. ఎవరైన పిల్లల మాటే చెప్తరు గదా అనుకున్న."

"నాకు తెలుసు అన్నా" అంది అక్క. "అప్పుడే తెలిసింది."

"మరి ఎందుకు ఊకున్నవ్?"

"ఆయన తలను ఒళ్లో పెట్టుకుని తెచ్చినవు. నిన్ను ఏమని అడగను?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అక్క లోపలికి వెళ్లి అన్నం వడ్డించుకొచ్చింది. ఆయన తల వంచుకుని తిన్నాడు. ఆ తర్వాత సంతకు వచ్చినప్పుడల్లా మా ఇంట్లోనే తినేవాడు. లారీలో ఏం జరిగిందో అక్క అడుగుతూనే ఉండేది. చెప్పడానికి ఏమీ లేకపోయినా ఆయన ఉన్నదే చెప్పేవాడు. లారీ ఎంత వేగంగా పోయిందో, డ్రైవరు ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశాడో, ఎండ ఎటునుంచి పడుతుంటే తన తలపాగా ఎటు అడ్డం పెట్టాడో. అక్క బియ్యం చెరుగుతూ వినేది. కొన్నేళ్లకు ఆయన రావడం మానేశాడు. ఆ ఊరివాళ్లలో చాలామంది గోదావరి దాటి పనులకు పోయారన్నారు. ఎటు పోయాడో తెలియలేదు.

మొన్నామధ్య అక్క కంటి ఆపరేషన్ కోసం ఇద్దరం జగదల్‌పూర్ బస్సెక్కాం. ఇన్నేళ్లలో ఆమె ఆ దారిన వెళ్లడం అదే మొదలు. పెళ్లికో చావుకో పిలిస్తే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేది. తోంగ్‌పాల్ దాటాక కిటికీ పక్కకు జరిగి కూర్చుంది.

"ఎక్కడరా?" అని అడిగింది.

చూస్తూనే ఉన్నాను. కొండను తొలిచి రోడ్డు వెడల్పు చేశారు. మలుపులు కొన్ని తీసేశారు. పెద్ద ట్రైలర్ ఒకటి ఎదురొచ్చింది, మా బస్సు వేగం కూడా తగ్గకుండా దాని పక్కనుంచి వెళ్లిపోయింది.

"గుర్తుపట్టలేకపోతున్న అక్కా" అన్నాను.

ఆమె దర్భా వచ్చేదాకా కిటికీ చువ్వ పట్టుకుని, మసకబారిన కళ్లతో ఆ కొండ పక్కనంతా చూస్తూ కూర్చుంది.